జాదర్‌లో మోడ్రిచ్ ఊరి మనుషులు

క్రొయేషియాలో బస్సు టికెట్టు కొన్నంత మాత్రాన సామానుకు కూడా చోటు దొరికినట్టు కాదు. డిక్కీలో పెట్టె పెట్టాలంటే డ్రైవరుకు విడిగా డబ్బు ఇవ్వాలి, అదీ చిల్లరగా ఇవ్వాలి. జాగ్రెబ్ బస్టాండులో నా దగ్గర పెద్ద నోటు తప్ప లేకపోవడంతో, అక్కరలేని నీళ్లసీసా ఒకటి కొని నోటు మార్చుకొని వచ్చేసరికి కిటికీ పక్క సీట్లన్నీ నిండిపోయాయి. మ్యూనిక్‌లో ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నా ఇలాంటి అదనపు వసూళ్లకు నా మనసు ఇంకా ఒప్పుకోదు. 2023 జనవరిలో కునా పోయి యూరో వచ్చినప్పటి నుంచి కాఫీ మొదలుకొని గది అద్దె దాకా అన్నీ పెరిగిపోయాయని, పక్క సీటులోని పెద్దావిడ కూడా దారి పొడవునా వాపోయింది. నేను వెళ్ళింది ఆ ఏడాది అక్టోబరులో.

స్వేతి రోక్ సొరంగం దాటాక ఆ చిరాకంతా పోయింది. లీకా ప్రాంతమంతా పొగమంచు కమ్ముకొని పక్కనున్న పొలం కూడా కనబడలేదు. సుమారు 5.7 కిలోమీటర్ల పొడవున్న ఆ సొరంగంలో బస్సు దూరి అవతల తేలగానే కళ్ళు చెదిరే ఎండ, తెల్లటి సున్నపురాతి కొండవాలు, దిగువన సముద్రం కనిపించాయి. మేము దాటివచ్చిన ఆ కొండ వెలెబిట్. క్రొయేషియా ఫుట్‌బాల్ జట్టు నాయకుడు లూకా మోడ్రిచ్ తన మొదటి ఆరేళ్లు పెరిగింది దాని దక్షిణపు వాలులోనే. నా ప్రయాణానికి కారణం కూడా అదే.

కళాశాల రోజుల్లో మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవాణ్ణి కనుక, గోల్స్ కొట్టేవాళ్లకంటే బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకునేవాళ్ల మీద నా కన్ను నిలుస్తుంది. అలా చూసుకోవడంలో మోడ్రిచ్‌ను మించినవాణ్ణి నేను చూడలేదు. 2018 జూలై 15న మాస్కోలో ఫ్రాన్స్ చేతిలో 4-2తో ప్రపంచకప్ ఫైనల్ ఓడిపోయి, వానలో తడుస్తూ టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకున్న ఆ మనిషి, ఆ ఏడాది చివర ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా గెలిచాడు. అంతకుముందు పదేళ్లుగా ఆ బహుమతి మెస్సీ, రొనాల్డోల చేతులు దాటి బయటికి రాలేదు. 1990ల క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో ఇల్లు కాలిపోయిన పిల్లవాడు ప్రపంచంలోనే మేటి ఆటగాడయ్యాడన్న కథను నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఆ కథ జరిగిన చోటు చూడాలనుకున్నాను.

సముద్రతీరపు ఊరు జాదర్‌లో దిగిన మొదటి సాయంత్రమే నాకు ఆశ్చర్యం ఎదురైంది. కలెలార్గా వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిస్తే దుకాణాల్లో లావెండరు సంచులు, మరాస్కినో అనే చెర్రీ మద్యం సీసాలు, అలల తాకిడికి మోగే సముద్రపు ఆర్గన్ బొమ్మ వేసిన అయస్కాంతాలు కనబడ్డాయి. ఎరుపు తెలుపు గళ్ల జెర్సీలు వేలాడుతున్నాయి కానీ, అవి జాగ్రెబ్‌లోనూ ఉన్నవే. మోడ్రిచ్ ఈ ఊరిబిడ్డ అని చాటే ఆనవాలు ఒక్కటీ నా కంటబడలేదు. గది యజమానురాలిని అడిగితే, ఇది బాస్కెట్‌బాల్ ఊరని ఆమె గట్టిగా చెప్పింది. దేవుడు మనిషిని సృష్టిస్తే జాదర్ బాస్కెట్‌బాల్‌ను సృష్టించిందని ఇక్కడొక నానుడి ఉందట. 2008లో కట్టిన పెద్ద క్రీడాభవనానికి ఈ ఊళ్లో పెరిగిన క్రెషిమిర్ చోసిచ్ పేరే పెట్టుకున్నారు. నిజానికి 2018లో రజతం గెలిచిన జట్టులో మోడ్రిచ్‌తో పాటు సుబాషిచ్, లివాకోవిచ్, వ్ర్‌సాల్యెకో కూడా ఈ ఊళ్లో ఆట నేర్చుకున్నవాళ్లే. డెబ్భై వేల జనాభా ఉన్న ఊరు ప్రపంచకప్ ఫైనల్ జట్టుకు నలుగురిని ఇచ్చి కూడా, మాది వేరే ఆట అని చెప్పుకోవడం నాకు మొదట మింగుడుపడలేదు.

మర్నాడు కోలోవారె తీరానికి వెళ్ళాను. ఇల్లు వదిలి వచ్చిన మోడ్రిచ్ కుటుంబానికి తలదాచుకోవడానికి దొరికినవి ఇక్కడి హోటల్ కోలోవారె, ఆ తరవాత హోటల్ ఇజ్. తండ్రి స్తిపె సైన్యంలో చేరాడు, తల్లి రాదొయ్‌కా బట్టల కర్మాగారంలో పనిచేసేది. ఊరి మీద గుళ్ల వర్షం కురుస్తున్న రోజుల్లో శరణార్థుల పిల్లలు హోటల్ కారు పార్కింగులో బంతి ఆడేవారు. నేను ఆ ప్రాంతంలోని ఒక పార్కింగులో చాలాసేపు నిలబడి చూశాను. నేల ఒక పక్కకు వాలుగా ఉంది, తారు అక్కడక్కడా పైన్ వేళ్లకు ఉబ్బింది, రెండు కార్ల మధ్య దూరం నా రెండు చేతులు చాచినంత కూడా లేదు. ఇలాంటి నేల మీద బంతి తిన్నగా దొర్లదు, ఆడేవాడు దాన్ని కాలికి అంటిపెట్టుకొని చుట్టూ తిరగక తప్పదు. హైడుక్ స్ప్లిట్ క్లబ్బు మాత్రం ఈ పిల్లవాడు మరీ బక్కగా ఉన్నాడని తిప్పి పంపేసింది. జాదర్ క్లబ్బులోని శిక్షకుడు తోమిస్లావ్ బాషిచ్ అతని మీద నమ్మకం వదులుకోలేదు. పదహారేళ్ల వయసులో డినామో జాగ్రెబ్ క్లబ్బు తీసుకుంది.

వెలెబిట్ మీది పాత ఇంటికి వెళ్ళడానికి వీలైన వేళలో బస్సు దొరకలేదు. గది యజమానురాలి తమ్ముడు తన కారులో తీసుకెళతానన్నాడు. డెబ్భై యూరోలు అడిగితే నేను అరవైకి బేరమాడాను. అది కూడా ఎక్కువేనని దారిలో సగం దాకా మనసులో లెక్క వేసుకుంటూనే ఉన్నాను. కానీ ఆ రోజు ఆయన మాటల కోసమైతే ఇంకా ఇచ్చి ఉండేవాణ్ణి.

పోసెదార్యె దాటాక మాస్లెనిత్సా వంతెన దగ్గర ఆయన కారు ఆపాడు. ఎర్రటి ఉక్కు కమాను కింద నీళ్లు చాలా లోతున ఉన్నాయి. కొండ మీద నుంచి దిగే ఆ చలిగాలిని అక్కడ బూర అంటారు. ఆ గాలికి కారు తలుపు తెరవడానికి భుజంతో నెట్టాల్సి వచ్చింది. 1991 నవంబరులో ఈ వంతెనను కూల్చేశాక, తీరప్రాంతపు దక్షిణ భాగానికి ఉత్తరంతో ఉన్న రోడ్డు సంబంధం తెగిపోయి, జాగ్రెబ్ వెళ్ళాలంటే పాగ్ ద్వీపం మీదుగా పడవ పట్టుకోవలసి వచ్చేదని, 1993 జనవరిలో ఈ ప్రాంతం కోసం జరిగిన పోరులో తాను కూడా ఉన్నానని ఆయన చెప్పాడు. ఇప్పుడున్న ఎర్ర వంతెన 2005లో పాతదాని చోటే కట్టింది.

యాసెనిత్సె నుంచి రోడ్డు కొండెక్కుతుంది. ఒక మలుపు దగ్గర, రోడ్డుకు ఆనుకొనే, పైకప్పు లేని రాతి ఇల్లు ఉంది. గోడలు నిలిచే ఉన్నాయి. కిటికీ చట్రాలు లేవు, లోపల నడుములెత్తు పొదలు, గోడ రాళ్ల సందుల్లో నాచు. ఐదేళ్ల లూకా ఈ వాలులో మేకల మందను తోలుతున్న పాత వీడియో చాలామంది చూసే ఉంటారు. ఎవరి పేరు ఇతనికి పెట్టారో ఆ తాత లూకాను, పశువులు తోలుకెళ్లినప్పుడు, 1991 డిసెంబరులో సెర్బ్ తిరుగుబాటుదారులు కాల్చి చంపారు. కుటుంబం పారిపోయింది, ఇంటిని తగలబెట్టారు. యుద్ధం ముగిసిన తరవాత కూడా చాలా ఏళ్లు ఈ వాలులో మందుపాతరల భయం ఉండేది.

నేను ఫొటోలు తీసుకుంటుంటే ఆయన నన్ను వారించలేదు కానీ, తన అభ్యంతరం మాత్రం సూటిగా చెప్పాడు. "అందరూ ఈ గోడలు చూడ్డానికి వస్తారండీ. మా ఊళ్లో ఇల్లు కాలిపోయిన పిల్లలు వేలమంది. వాళ్లందరూ ఫుట్‌బాల్ ఆటగాళ్లు కాలేదు కదా? అతను ఎక్కడ తయారయ్యాడో చూడాలనుకుంటే మోస్తార్ వెళ్ళండి."

2003లో డినామో అతన్ని బోస్నియాలోని జ్రిన్‌స్కి మోస్తార్ క్లబ్బుకు అరువుగా పంపింది. ఈయన మరదలి కుటుంబం అక్కడే ఉండటంతో ఆ ఏడాది కొన్ని మ్యాచ్‌లు చూశాడట. బురద మైదానాలు, మోకాళ్ల మీదికి దూకే ముదురు డిఫెండర్లు, తమ జట్టు ఓడితే రాళ్లు విసిరే జనం. అలాంటి చోట పద్దెనిమిదేళ్ల ఆ సన్నటి కుర్రాడు, బంతి వచ్చేలోపే ఎవడు ఎటు నుంచి దూకుతాడో పసిగట్టి, ఒక్క అడుగు పక్కకు వేసి తప్పించుకునేవాడని, మొదట్లో ప్రతి ఆటలోనూ నాలుగైదు సార్లు నేలకూలినవాడు సీజను చివరికి అసలు దొరక్కుండా పోయాడని, ఆయన స్టీరింగు వదిలేసి రెండు చేతులతో చూపిస్తుంటే నాకు లోయవైపు చూడాలంటే భయమేసింది. ఆ సీజనులో బోస్నియా లీగు ఉత్తమ ఆటగాడు మోడ్రిచ్చే. ఆ లీగులో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తరవాత అతనే అన్నాడు. మరుసటి ఏడాది ఇంటర్ జాప్రెషిచ్‌లో మరో అరువు, ఆ పైన డినామోలో వరసగా మూడు లీగు టైటిళ్లు, 2008లో టోటెన్‌హామ్, 2012లో రియల్ మాడ్రిడ్.

ఆయన వాదన నాకు నచ్చింది, ఇప్పటికీ అదే సరైనదనిపిస్తుంది. కష్టాలు పడ్డాడు కనుక గొప్పవాడయ్యాడని చెప్పడం తేలిక. దానివల్ల కష్టాలకు లేని గౌరవం వస్తుంది, మోస్తార్‌లో చేసిన పనికి రావలసిన గౌరవం పోతుంది. మాడ్రిడ్‌లో మొదటి సీజనులో ఒక స్పెయిన్ పత్రిక పాఠకులు అతన్ని ఆ ఏటి చెత్త కొనుగోలుగా ఎన్నుకున్నారు. ఆ తరవాత ఆ జట్టుతో ఆరు చాంపియన్స్ లీగ్ కప్పులు గెలిచాడు. 2014 ఫైనల్లో ఆట ముగిసిపోబోతుండగా రామోస్ తలతో కొట్టి సమం చేసిన గోల్ అందరికీ గుర్తే, ఆ కార్నర్ వేసింది మోడ్రిచ్. ఎగతాళి ఎదురైనప్పుడు ఏం చేయాలో అతనికి మోస్తార్‌లోనే తెలిసి ఉండాలి.

అక్టోబరు 15 రాత్రి వేల్స్‌తో యూరో కప్ అర్హత మ్యాచ్‌ను ఆ కారు పెద్దమనిషితో కలిసి ఒక కాఫీ హోటల్లో చూశాను. మూడు రోజుల ముందే ఒసియెక్‌లో టర్కీ చేతిలో ఓడిపోయి ఉన్నారు కనుక, హోటలంతా ముందే ఉడికిపోతోంది. కార్డిఫ్‌లో హ్యారీ విల్సన్ రెండో గోల్ కొట్టాక, 38 ఏళ్లవాణ్ణి ఇంకా ఎందుకు మోస్తున్నారని ఒకాయన తెర మీదికి చేయి విసిరాడు. ఇంకో కుర్రవాడు మామిచ్ పేరు ఎత్తాడు. డినామో మాజీ అధిపతి జ్ద్రావ్‌కో మామిచ్ అక్రమాల విచారణలో 2017లో మోడ్రిచ్ ఇచ్చిన సాక్ష్యం మామిచ్‌కు అనుకూలంగా ఉందని దేశమంతా మండిపడింది. నీకు ఈ రోజు గుర్తుకొస్తుంది లూకా అని, అతను శరణార్థిగా ఉన్న హోటల్ గోడ మీదే రాశారు. తప్పుడు సాక్ష్యం అభియోగాన్ని 2018 చివరికి కొట్టివేశారు, కానీ ఈ కాఫీ హోటల్లో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పొరుగూరి నుంచి వచ్చిన నేను ఒక మాట అనబోతే అందరూ ఒక్కటై అతన్ని వెనకేసుకొచ్చారు. ఊళ్లో విగ్రహం ఎందుకు కనబడలేదో నాకు ఆ రాత్రి కొంత అర్థమైంది. తిట్టుకునే హక్కు ఉన్న సొంతమనిషిని వాళ్లు ఇంట్లోనే ఉంచుకున్నారు.

మ్యాచ్ 2-1తో పోయింది, క్రొయేషియా గ్రూపులో మూడో స్థానానికి జారింది. జనం పలుచబడ్డాక నేను మా సంగతి చెప్పాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత్ ఓడింది, అప్పట్లో క్రొయేషియా కూడా భాగమైన యుగోస్లావియా చేతిలోనే. నెవిల్ డిసౌజా గోల్‌తో మేము ముందంజ వేసి, చివరికి 4-1తో ఓడాము. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు రహీం, ఆటగాళ్లలో సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. మా నాన్న చిన్నప్పుడు బలరాం ఆట చూడటానికి రెండు మైళ్లు నడిచి వెళ్ళేవారట. బలరాం 2023 ఫిబ్రవరిలోనే కోల్‌కతాలో కన్నుమూశారు, ఆయన పేరు సికింద్రాబాదులో ఎంతమందికి తెలుసో నేను పందెం కాయలేను. ఆ మాట చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది. కారు పెద్దమనిషి బలరాం పేరును నాచేత రెండుసార్లు పలికించుకొని, తన ఫోనులో రాసుకున్నాడు. కాఫీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

నవంబరులో లాత్వియా, అర్మేనియాల మీద గెలిచి క్రొయేషియా అర్హత సాధించింది. 2024 జూన్‌లో లైప్‌జిగ్‌లో ఇటలీ మీద మోడ్రిచ్ పెనాల్టీ పోగొట్టి, ఒక్క నిమిషం లోపే గోల్ కొట్టినప్పుడు, జాదర్ నుంచి నాకు వచ్చిన సందేశంలో ఒకే ఒక్క మాట ఉంది: మోస్తార్. అదనపు సమయం చివరి క్షణాల్లో ఇటలీ సమం చేశాక మళ్లీ ఏమీ రాలేదు.

2025 వేసవిలో మోడ్రిచ్ మాడ్రిడ్ వదిలి మిలాన్‌లో చేరాడు. క్రొయేషియా పాత తరం ఆటగాడు బోబన్ ఆడిన జట్టు కనుక చిన్నప్పుడు అతని అభిమాన జట్టు అదేనట. జాదర్ నుంచి ట్రియెస్టె మీదుగా అది ఒక పగటి ప్రయాణం, మ్యూనిక్ నుంచి కూడా అంతకు మించి ఉండదు. కలిసి మిలాన్ మైదానం సాన్ సిరోకు వెళదామని, ఈసారి కారు ఖర్చు చెరిసగమని కారు పెద్దమనిషి రాశాడు. నలభై దాటినవాడు ఎన్నాళ్లు ఆడతాడో తెలియదు కనుక ఆలస్యం చేయవద్దన్నాడు. పై అంతస్తు టికెట్టు ధర చూస్తే గుండె ఆగినంత పనైంది, అయినా రెండు టికెట్లు తీసుకోమని నిన్ననే చెప్పాను.