దద్దుర్లూ గుంటూరు కారమూ

ఒంటిమీద దద్దుర్లు లేచిన రోజుల్లో గుంటూరు కారం కలిపిన వేడి అన్నం తింటే, నాకు దురద ఇంకా పెరుగుతోంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే నరాల గ్రాహకాన్నే తట్టిలేపుతుంది కాబట్టి, ఒళ్లు నిజంగా కాలుతోందని మెదడు భ్రమపడి ముఖం ఎర్రబడుతుంది, చెమట పడుతుంది. ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో వైద్య నోబెల్‌ను మరొకరితో పంచుకున్నారు. చెమట పట్టగానే దద్దుర్లు లేచే కోలినెర్జిక్ అర్టికేరియా ఉన్నవారికి కారం సరిపడకపోవడం సహజమే. విచిత్రంగా, కొన్ని రకాల దురదలకు అదే క్యాప్సైసిన్‌ను వైద్యులు పైపూత మందుగా వాడతారు. గజ్జికో తామరకో ఆవకాయ మానేసి లాభం లేదు, వాటికి మందే వేయాలి. నేను మాత్రం ప్రస్తుతం చప్పటి పప్పు, పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాను; కారప్పొడి డబ్బాను ఇంట్లోవాళ్లు దాచేశారు.