ఉచిత టికెట్టుకు 78,000 రూపాయలు

గత ఏడాది వేసవిలో నేనూ నా భార్యా హైదరాబాద్ నుంచి లండన్ వెళ్ళి వచ్చాము. టికెట్లు విమాన ప్రయాణాల మీదా క్రెడిట్ కార్డు మీదా కూడిన పాయింట్లతో తీసుకున్నాము కాబట్టి ప్రయాణం ఉచితమని ఇంట్లోనూ బంధువుల్లోనూ గొప్పగా చెప్పుకున్నాను. బుకింగ్ పూర్తయిన సాయంత్రం, ముప్పై ఏళ్ళకు పైగా సహకార బ్యాంకులో లెక్కలు చూసి పదవీ విరమణ చేసిన మా నాన్నగారికి ఆ రసీదు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పైన మెరుస్తున్న పాయింట్ల సంగతి వదిలేసి, అట్టడుగున ఉన్న అంకె మీద వేలు పెట్టి, "ఒరేయ్, ఉచితమన్నావు, మరి ఈ 78,000 ఎవరికి కట్టావు?" అని అడిగారు. పన్నులు నాన్నా, అన్నాను. "ఏ పన్ను, ఎంత?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని రసీదును వరసవారీగా విప్పి చూశాను. విమాన టికెట్టులో ప్రతి పన్నుకూ రెండక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. 'ఐఎన్' అంటే మన విమానాశ్రయం వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, 'పీ2' అంటే భద్రతా రుసుము, 'కే3' అంటే జీఎస్టీ, 'జీబీ' అంటే బ్రిటన్ నుంచి బయలుదేరే ప్రయాణికుల మీద అక్కడి ప్రభుత్వం వేసే సుంకం, 'యూబీ' అంటే అక్కడి విమానాశ్రయ రుసుము. ఇంతవరకూ న్యాయమే, ఎందుకంటే ఛార్జీని బట్టి మారే జీఎస్టీ తప్ప ఇవి డబ్బు పెట్టి కొన్నవారికీ పాయింట్లతో తీసుకున్నవారికీ ఒక్కటే. వీటితోపాటు అదే వరుసలో, అదే సైజు అక్షరాల్లో, పెళ్ళి పంక్తిలో పిలవకుండా వచ్చి కూర్చున్నవాడిలా 'వైక్యూ' అనే గుర్తు కూడా ఉంది. కొన్ని సంస్థలు దీన్నే 'వైఆర్' అని వేస్తాయి. ఒకప్పుడు ఇంధనం ధర పెరిగిందని మొదలుపెట్టిన ఈ సర్‌చార్జి ఏ ప్రభుత్వానికీ పోదు, విమాన సంస్థ జేబులోకే పోతుంది. అంటే ఇది ఛార్జీలో ఒక ముక్కే, కాకపోతే పేరు మార్చుకుని పన్నుల పక్కన నిలబడింది. మా ఇద్దరి 78,000లో 42,000 రూపాయలు ఇదే.

మర్నాడు నాన్నగారి పద్ధతిలోనే లెక్క వేశాను. మేము ఇచ్చిన పాయింట్లు 1,20,000. అదే వారంలో అదే విమానానికి ఎకానమీలో ఇద్దరికీ రానుపోను ఛార్జీ 1,16,000 రూపాయలు. అందులోంచి నేను చేతినుంచి కట్టిన 78,000 తీసేస్తే మిగిలినది 38,000. దాన్ని 1,20,000తో భాగిస్తే పాయింటుకు దాదాపు 32 పైసలు వచ్చింది. ఆ పాయింట్లలో ఎక్కువ భాగం క్రెడిట్ కార్డు నుంచి విమాన సంస్థ ఖాతాలోకి నేనే బదిలీ చేసుకున్నవి. బదిలీ చేయకుండా ఉంటే కార్డు కంపెనీ వాటినే షాపింగ్ వోచర్లుగా మార్చి పాయింటుకు 40 పైసలు ఇచ్చేది. అంటే నేను ఏమీ చేయకుండా ఊరుకుని ఉంటే దాదాపు పదివేలు మిగిలేవి. పైగా డబ్బుతో కొన్న టికెట్టు మీద కొత్త పాయింట్లు వస్తాయి, రివార్డ్ టికెట్టు మీద సాధారణంగా రావు. విమాన సంస్థ ఖాతాలోకి ఒకసారి వెళ్ళిన పాయింట్లు మళ్ళీ కార్డు ఖాతాలోకి తిరిగి రావు. అత్తారింటికి వెళ్ళిన పిల్లయినా పండక్కి వస్తుంది గానీ, ఇవి రావు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే 32 పైసలు చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' పథకం మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం సూటిగానే ఉంది: ఖాళీగా ఎగిరే సీటును, మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రయాణికుడికి కానుకగా ఇవ్వడం. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు జమ, అందుకే పాయింట్లను మైళ్ళని కూడా అంటారు. ఆ తర్వాత బ్యాంకులు వచ్చి చేరాయి. ఇప్పుడు విమాన సంస్థ మైళ్ళను టోకున బ్యాంకుకు అమ్ముతుంది, బ్యాంకు వాటిని కార్డు వాడినవారికి పంచుతుంది. డెల్టా, యునైటెడ్ 2015లోనూ, అమెరికన్ ఆ మరుసటి ఏడాదిలోనూ, ఎగిరిన దూరం లెక్క మానేసి పెట్టిన ఖర్చును బట్టి మైళ్ళు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన ఎయిరిండియా కూడా 2024లో అదే దారి పట్టింది. కరోనా కాలంలో విమానాలు నేల మీదే ఉన్నప్పుడు యునైటెడ్ సంస్థ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. ఆ సందర్భంలో ఆ పథకానికి కట్టిన విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లు. అప్పట్లో స్టాక్ మార్కెట్టులో ఆ సంస్థ మొత్తం షేర్ల విలువే అంత లేదు. విమానాల కంటే మైళ్ళే ఖరీదైనవన్నమాట. టంకశాల వారిది, నాణెం వారిది, ఆ నాణేనికి ఏం వస్తుందో నిర్ణయించేదీ వారే. కొన్ని పెద్ద సంస్థలు ఎక్కడికి ఎన్ని మైళ్ళు కావాలో చెప్పే పట్టికలను కూడా తీసేసి, టికెట్టు ధరలాగే మైళ్ళ ధరనూ రోజుకోలా మారుస్తున్నాయి.

సంస్థ మూతపడితే నాణెం గతి ఏమిటన్నది మన దేశంలో కళ్ళారా చూశాము. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ లైసెన్సు నిలిచిపోయాక కింగ్ క్లబ్ పాయింట్లకు విలువే లేకుండా పోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు మాత్రం, జెట్‌ప్రివిలేజ్ వేరే కంపెనీగా ఉండడం వల్ల ఆ పాయింట్లు బతికి, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకున్నాయి. కానీ ఏ విమానం కోసం కూడబెట్టారో ఆ విమానమే లేదు. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు పాయింటుకు పాయింటు చొప్పున బదిలీ చేశారు, అది కొంత నయం. ఇవన్నీ చూశాక కూడా, ఎప్పటికైనా పనికొస్తాయని లక్షల పాయింట్లు దాచిపెట్టే మిత్రులు నాకున్నారు. బ్యాంకులో దాచిన డబ్బుకు వడ్డీ వస్తుంది. దాచిన పాయింటు ఏటేటా అరుగుతుంది.

మన తెలుగువాళ్ళకు ఇందులో ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది ఇంటిపేరు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు కలిసి ఒకే గడిలో ఉన్నాయి, రెండో గడి ఖాళీ. అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదన్న అర్థంలో 'ఎఫ్ఎన్‌యూ' అని వచ్చినవారికి ఈ బాధ చెప్పకుండానే తెలుస్తుంది. నేను విమాన సంస్థ పాయింట్ల పథకంలో సభ్యత్వం తీసుకున్నప్పుడు రెండు గడులూ నింపితే గానీ ఫారం ముందుకు కదలలేదు కాబట్టి, ఇంటిపేరును విడదీసి రాశాను. ఆ తర్వాత ఆఫీసు పని మీద ఒక భాగస్వామ్య సంస్థ విమానంలో నాలుగుసార్లు తిరిగాను. టికెట్టు మీద పేరూ ఖాతాలో పేరూ కలవలేదని ఆ నాలుగు ప్రయాణాల మైళ్ళూ జమ కాలేదు. బోర్డింగ్ పాసులు స్కాన్ చేసి పంపితే, గడువు దాటిందని ఆరు వారాల తర్వాత జవాబు వచ్చింది. తప్పు నాదీ కొంత ఉంది, ఆ పాసులను డైరీలో పెట్టి నెలల తరబడి మరిచిపోయినది నేనే. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఖాతా తెరిచినా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూస్తాను.

ఇంతవరకూ చదివినవారు నేను పాయింట్లకు పూర్తిగా వ్యతిరేకినని అనుకోవచ్చు. కాను. లండన్ ప్రయాణానికి ముందు ఏడాది మా అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మూడో రోజు ఆపరేషన్ అన్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోనులో, "అన్నయ్యా, రేపటికి టికెట్టు చూస్తున్నాను, ఎంతైనా సరే కొంటాను" అన్నాడు. ఒకవైపుకే 1,42,000 రూపాయలు చూపిస్తోంది. నా ఖాతా తెరిచి చూస్తే, మర్నాటి రాత్రి విమానంలో ఒకే ఒక్క రివార్డ్ సీటు ఉంది, 52,000 పాయింట్లూ 4,800 రూపాయలూ. అక్కడికక్కడే బుక్ చేశాను. మిగిలిన 1,37,200 రూపాయలను 52,000తో భాగిస్తే పాయింటుకు 2 రూపాయల 64 పైసలు. లండన్ ప్రయాణంలో వచ్చినదానికి ఎనిమిది రెట్లు. అదే మనిషి, అదే రకం పాయింట్లు, విలువ మాత్రం ఆవగింజకూ గుమ్మడికాయకూ ఉన్నంత తేడా. ప్రయాణం దగ్గరపడేకొద్దీ నగదు ఛార్జీ ఆకాశానికి పోతుంది. అమ్ముడుపోని సీట్లు మిగిలితే కొన్ని సంస్థలు వాటిని చివరి రోజుల్లోనే రివార్డు కింద వదులుతాయి. అందరికీ దొరుకుతుందని కాదు, మాకు దొరికింది. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి: కొన్ని పథకాల్లో మన పాయింట్లతో ఎవరికి టికెట్టు తీయవచ్చో వారి పేర్లను ముందుగానే నామినీలుగా నమోదు చేయాలి. ఆ పని ఆపద వచ్చినప్పుడు మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

బిజినెస్ క్లాసు లెక్క వేరే. పాయింట్ల నిపుణులమని చెప్పుకునేవారు అందరూ చూపించేది ఇదే. మా అమ్మ కోలుకున్నాక తమ్ముడి దగ్గరికి బయలుదేరింది. కొత్త తుంటితో అన్ని గంటలు కూర్చోలేదని 85,000 పాయింట్లూ 14,000 రూపాయలూ పెట్టి బిజినెస్ క్లాసులో పంపించాను. ఆ సీటు నగదు ధర 2,60,000. నిపుణుల లెక్క ప్రకారం పాయింటుకు 2 రూపాయల 89 పైసలు వచ్చినట్టు, నేను ఎగిరి గంతేయాలి. కానీ నా చేతి డబ్బయితే 2,60,000 పెట్టి ఆ సీటు కొనేవాడినా? జన్మలో కొనను. ఎకానమీ టికెట్టు 70,000 ఉంది. అమ్మ సుఖంగా పడుకుని వెళ్తుందంటే ఇంకొక 40,000 పెట్టేవాడిని, అంతకు మించి మా ఇంటి పరిస్థితి ఒప్పుకోదు. కాబట్టి నా వరకు ఆ సీటు విలువ 1,10,000. అందులోంచి 14,000 తీసేసి లెక్కిస్తే పాయింటుకు 1 రూపాయి 13 పైసలు. ఇదీ మంచి విలువే, కానీ నిజమైన విలువ. తమ్ముడు 1,42,000 నిజంగానే కట్టబోయాడు కాబట్టి అతని లెక్కలో కల్తీ లేదు. ధరల బోర్డు మీద ఉన్న అంకె కాదు, పాయింట్లు లేకపోతే మనం దేనికి ఎంత పెట్టి ఉండేవాళ్ళమో, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

సర్‌చార్జి విషయంలో అన్ని పథకాలూ ఒకలా ఉండవు. ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ 2020 నవంబరు నుంచి రివార్డ్ టికెట్ల మీద ఈ వైక్యూ వసూలు చేయడం మానేసింది. ఎయిరిండియా 2014 నుంచి, ఎయిర్ కెనడా కూడా ఉన్న స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది కాబట్టి, కెనడాలోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలు ఆ మైళ్ళతో ఎయిరిండియా విమానంలోనే సీటు తీసుకోవచ్చు. ఎక్కే విమానం ఒకటే అయినా, ఏ పథకం ద్వారా బుక్ చేశామన్నదాన్ని బట్టి చేతినుంచి కట్టేది మారుతుంది. అయితే ఒక సంస్థ తన సొంత సభ్యులకు చూపించే సీట్లన్నీ భాగస్వాములకు చూపించదు. స్టార్ అలయన్స్‌లో భాగస్వాములకు ఇచ్చే సీట్లకు వేరే గుర్తులుంటాయి, ఎకానమీకి 'ఎక్స్', బిజినెస్‌కు 'ఐ'. విమానం సగం ఖాళీగా ఉన్నా ఆ గుర్తు కింద సున్నా ఉంటే మనకు సీటు లేనట్టే. సంక్రాంతికి ఇద్దరు పిల్లలతో నలుగురు రావాలనుకునే కుటుంబానికి ఒకే విమానంలో నాలుగు రివార్డ్ సీట్లు దొరకడం చాలా కష్టం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు 355 రోజుల ముందు సీట్లు తెరుస్తాయి, అప్పుడు తెల్లవారుజామున లేచి కూర్చునే ఓపిక ఉన్నవారికి దక్కుతాయి. సెలవు దొరుకుతుందో లేదో నెల ముందు కూడా తెలియని ఉద్యోగాలు మనవి.

పాయింట్ల కోసమే కార్డు గీకి, బిల్లు పూర్తిగా కట్టకుండా కొంత మిగిల్చేవారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన కార్డుల మీద వడ్డీ చాలావరకు ఏడాదికి 40 శాతం దాటుతుంది. ఏ విమానంలో ఏ సీటూ దాన్ని పూడ్చలేదు.

ప్రస్తుతం నా ఖాతాలో 61,000 పాయింట్లు ఉన్నాయి. నాన్నగారి సలహా మీద ఒక చిన్న నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకున్నాను: పాయింట్లు, చేతినుంచి కట్టేది, పాయింట్లు లేకపోతే ఎంత పెట్టి కొనేవాడిని, గడువు. యాభై పైసల కంటే తక్కువ వస్తే డబ్బుతోనే కొంటాను. తమ్ముడి అవసరం వంటిది మళ్ళీ వస్తుందేమోనని 40,000 పక్కన పెట్టాను, అంతకు మించి కూడబెట్టడం మానేశాను. వచ్చే మార్చిలో 18,000 పాయింట్లకు గడువు తీరుతుంది. నిన్న విజయవాడ నుంచి ఢిల్లీకి వెతికితే పాయింటుకు 55 పైసలు పడుతోంది. నాన్నగారు ఎప్పటినుంచో హరిద్వార్ వెళ్ళాలంటున్నారు. రసీదు మాత్రం ఈసారి ఆయన అడగకముందే, ప్రతి గుర్తు పక్కనా అర్థం రాసి ఇస్తాను.