ఎడిసన్‌లో తయారైన 66 మస్టాంగ్: కౌల్, ఫ్లోర్, బ్రేకులు, మొదటి స్టార్ట్

బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్, అంటే మడవలేని గట్టి రేకు పైకప్పుది. 289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, రెండు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బొరేటర్, సీ4 అనే ఫోర్డ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఏళ్ల తరబడి ఒక షెడ్డులో కదలకుండా పడి ఉండి, బాగుచేయడానికని మా గ్యారేజీకి వచ్చింది. డ్రైవర్ వైపు ఇన్నర్ ఫెండర్ మీద గుద్దిన నంబరు 6టీ07సీ అని మొదలవుతుంది. 6 అంటే 1966, టీ అంటే మెటుచెన్ ప్లాంటు, 07 హార్డ్‌టాప్, సీ అంటే రెండు బ్యారెళ్ల 289. పేరు మెటుచెన్ అయినా ప్లాంటు ఉన్నది న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లోనే, రూట్ 1 పక్కన. 1948లో అది మొదలైనప్పుడు ఈ ఊరిని రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. ఎడిసన్ అని పేరు మార్చింది 1954లో. ప్లాంటు 2004లో మూతపడింది. ఓక్ ట్రీ రోడ్డుకు కూరగాయలకని వారం వారం వెళ్లే మనవాళ్లలో, ఈ ఊళ్లో మస్టాంగ్‌లు తయారయ్యేవని తెలిసినవాళ్లు నాకింకా తగల్లేదు.

ఆ ఏడాది ఈ మోడల్ ఆరు లక్షలకు పైగా తయారైంది. అంటే అరుదైన బండి కాదు, దాచుకుంటే కోట్లు రావు. కానీ ఆ సంఖ్య పుణ్యమా అని ఇవాళ్టికీ దీనికి దొరకని పార్టు దాదాపు లేదు. మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇలాంటి బండే. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్‌లకు ఫ్యాక్టరీ రికార్డు డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు గానీ 66కి ఆ సౌకర్యం లేదు, డోర్ మీది ప్లేటే ఆధారం. మా ప్లేటు మీద రంగు ఎం, అంటే వింబుల్డన్ వైట్. మధ్యలో ఏ మహానుభావుడో ఎర్ర రంగు కొట్టించాడు.

నవంబర్

ఈ తరం మస్టాంగ్ కొనేవాళ్లు ముందు పెయింటు చూస్తారు, తర్వాత ఇంజన్ చప్పుడు వింటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కౌల్. విండ్‌షీల్డ్ అడుగున, వైపర్ల దగ్గర చీలికలున్న రేకు ఉంటుంది కదా, దాని కింద రెండు రేకులు కలిపి అతికిన బోలు భాగమే కౌల్. బయటి గాలి అందులోంచే లోపలికి వస్తుంది. వాన నీళ్లు కూడా అందులోనే పడి, రెండు చివర్ల నుంచి ఫెండర్ల వెనకగా కిందికి కారిపోవాలి. గాలి దిగే గుండ్రటి రంధ్రాల్లో నీళ్లు పడకుండా వాటి చుట్టూ ఎత్తుగా కాలర్ ఉంటుంది. ఆకులూ మట్టీ చేరి తేమ నిలిచిపోతే ఆ కాలర్ మొదట్లోనే తుప్పు పడుతుంది. ఇక ప్రతి వానా తిన్నగా కాళ్ల దగ్గరికే. కార్పెట్ కింది ప్యాడ్ ఆ తడిని పీల్చుకుని అలాగే ఉంచేస్తుంది. ఫ్లోర్ రేకు పైనుంచి తినుకుపోతూ ఉంటే బయటినుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

పరీక్ష చాలా సులువు. కార్పెట్ తీసేసి, టార్చ్ పట్టుకుని డాష్ కింద పడుకోవాలి, ఇంకొకరు పైన చీలికల్లో హోస్‌తో నీళ్లు పోయాలి. ఆ ఇంకొకరు మా మామగారు. బెజవాడ ఆటోనగర్‌లో ఏళ్లపాటు అంబాసిడర్లు, ఫియట్లు బాగుచేసిన మనిషి, మనవడిని చూడ్డానికని వచ్చి గ్యారేజీకి అలవాటు పడిపోయారు.

"ఇంకా పొయ్యమంటావా బాబూ?"

"చాలు మామయ్యగారూ, మొహం మీదే పడుతోంది."

హీటర్ వైపు నుంచి కూడా ధార కట్టింది. ఫ్లోర్ సంగతి సరేసరి. రంధ్రాల మీద రేకు ముక్కలు రివెట్లు కొట్టి, పైన తారు పూసి వదిలేశారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది.

కౌల్‌కు చవక మందు ఒకటి ఉంది. కింది నుంచి ప్లాస్టిక్ కాలర్ పెట్టి జిగురుతో అతికేయడం. రేకు బలంగా ఉండి చిన్న లీకైతే కొన్నాళ్లు నడుస్తుంది. జల్లెడైన రేకుకు జిగురు దేన్ని పట్టుకుంటుంది? విప్పేయడమే మేలనుకున్నాం.

చలికాలమంతా రేకు పని

బానెట్, రెండు ఫెండర్లు, వైపర్లు, డాష్ ప్యాడ్, విండ్‌షీల్డ్ తీశాక గానీ కౌల్ పై రేకు చేతికి రాదు. దాన్ని పట్టి ఉంచేవి స్పాట్ వెల్డ్‌లు, అంటే రెండు రేకుల్ని చుక్కల్లా కలిపిన అతుకులు, వందకు పైగా ఉంటాయి. పెయింటు కింద కనపడవు కాబట్టి ముందు వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకి, ఒక్కోదాని నడుమ పంచ్‌తో గుర్తు కొట్టి, స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు మాత్రమే తెగేలా డ్రిల్ చేయాలి. బిట్టు కింది రేకులోకి దిగేముందు చప్పుడు మారుతుంది, వచ్చే రజను రంగూ మారుతుంది. మామగారు ఆ చప్పుడు పట్టేసి "ఆపు" అనేవారు.

కింది భాగం కొత్తది తెచ్చుకున్నాను. బిగించేముందు లోపలంతా తుప్పు ఆపే ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో నీళ్లు దూరకుండా సీమ్ సీలర్. పై రేకు మూసేశాక అక్కడికి బ్రష్ వెళ్లదు, కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. సీలర్ ఆరాక, పై రేకు వెల్డ్ చేయకముందే, మళ్లీ నీళ్లు పోసి చూశాం. రెండు చివర్ల నుంచీ బయటికే పోయాయి.

ఫ్లోర్ సంగతికొస్తే, ఏదైనా కోసేముందు బండిని స్టాండ్ల మీద సమంగా నిలబెట్టి, డోర్ల చుట్టూ సందులు కొలిచి రాసుకోవాలి. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, ఫ్లోరే బలం. ఒకేసారి రెండు వైపులా కోసేస్తే బాడీ వంగిపోయి డోర్లు పట్టవు. ఒక వైపు కోసి, అతికి, సందులు మళ్లీ చూసుకుని రెండో వైపుకి వెళ్లాను. ఇంకో మాట. 66లో పెట్రోల్ ట్యాంకే డిక్కీ అడుగు. వెల్డింగ్ మొదలుపెట్టక ముందే దాన్ని ఊడదీసి బయట పెట్టండి. కాలిన తారు పొగ, నిప్పురవ్వలు ఎటు పడతాయో చెప్పలేం, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాల్సిందే.

వెల్డర్ మామూలు ఇంటి కరెంటు మీద నడిచే మిగ్, అంటే గ్యాస్ చాటున తీగను కరిగించి అతికేది. 0.023 అంగుళాల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. వరుసగా గీత లాగితే రేకు వేడికి అలలు తేలుతుంది. ఇక్కడొక చుక్క, అడుగు దూరంలో ఇంకొక చుక్క, చేత్తో తాకి చల్లారిందనుకున్నాక మధ్యలో మరొకటి. జింకు పూత ఉన్న రేకైతే అతికేచోట పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. గ్యారేజీ తలుపు తెరిచి, రెస్పిరేటర్ పెట్టుకునే చేశాను. జనవరి చలిలో తలుపు తెరిచి వెల్డింగ్ చేయడం ఎలా ఉంటుందో న్యూజెర్సీ వాళ్లకు చెప్పక్కర్లేదు.

మార్చి

బ్రేకుల విషయంలో ఒరిజినల్‌గా ఉంచాలన్న పట్టుదల నాకు లేదు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు 66లో ఒకటే గది. ఏ చక్రం దగ్గర లీకైనా నాలుగు బ్రేకులూ పోతాయి. ఫోర్డ్ 67 మోడల్ నుంచి రెండు గదులది పెట్టింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి డ్రమ్ముల కోసం చేసిన రెండు గదుల సిలిండర్ తీసుకుని, ముందుకొకటి వెనక్కొకటి లైన్లు వేశాను. లైన్‌కు నికెల్ రాగి గొట్టం వాడాను, 3/16 అంగుళం. స్టీలు కంటే చేత్తో వంచడం తేలిక, తుప్పు పట్టదు. చివర్లు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే గొట్టం అంచును వెడల్పు చేసి రెండు పొరలుగా మడవాలి. రబ్బరు గొట్టాలు మూడూ మార్చేయండి, బయటికి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి. క్లీనర్‌తో తడిపి తుడవండి.

ఏప్రిల్

ఇక ఇంజన్, ముందుగా ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్. ఇక్కడ మామగారిదే రాజ్యం. పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి కలిపే స్విచ్), దాని కండెన్సర్ అంటే మా ఆఫీసు కుర్రాళ్లు ఫోన్లో బొమ్మలు వెతుక్కుంటారు, ఆయనేమో సందు కొలిచే ఫీలర్ గేజ్ తీసుకుని అద్దాలు పైకి నెట్టారు. పాయింట్ల గ్యాప్ 0.017 అంగుళం, డ్వెల్ (అవి మూసుకుని ఉండే కోణం) 26 నుంచి 31 డిగ్రీల మధ్య. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-5-4-2-6-3-7-8. ఫోర్డ్ లెక్కలో ఒకటో సిలిండర్ ప్యాసింజర్ వైపు ముందుది. ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే గులాబీ రంగు వైరు కరెంటు తగ్గించడానికే పెట్టారు. పాయింట్లు వాడినంతకాలం దాన్ని తీసి మామూలు వైరు వేయొద్దు, పాయింట్లు మాడిపోతాయి.

కార్బొరేటర్ ఆటోలైట్ 2100. విప్పితే ఫ్లోట్ గిన్నె అడుగున పాత పెట్రోల్ బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది. ఇత్తడి ఫ్లోట్‌ను మామగారు వేడినీళ్ల గిన్నెలో ముంచి పట్టుకున్నారు. లోపలి గాలి వేడెక్కి, అతుకు దగ్గర సన్నటి బుడగలు వరసగా పైకొచ్చాయి. చెవి దగ్గర ఊపితే చప్పుడు లేదు, నీళ్లలో మాత్రం దొరికిపోయింది. కొత్తది వేశాం. డయాఫ్రాములూ మార్చాం. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి ఆగదు. ఆయిల్‌లో జింకు ఎక్కువున్నది పోశాం, ఈ ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్‌కు అది అవసరం.

స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి, క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాం. తర్వాత విడిగా డబ్బాలో తాజా పెట్రోల్ పెట్టి సెల్ఫ్ కొట్టాం. కాసేపు దగ్గి, పొగ గుప్పున ఊది, అందుకుంది. మా ఆవిడ పైనుంచి ఫోన్ చేసి పొగ అలారం మోగుతోందని చెప్పింది.

నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ పెట్టి చూస్తే ఆరు డిగ్రీల దగ్గర నిలబడాల్సిన గుర్తు అటూ ఇటూ గెంతుతోంది. ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మామగారు క్రాంక్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతుంటే నేను లోపల తిరిగే రోటర్ చూశాను. క్రాంక్ ఎనిమిది డిగ్రీలు కదిలేదాకా రోటర్ ఉలుకూ పలుకూ లేదు. క్రాంక్ నుంచి క్యామ్‌ను, దాంతో రోటర్‌ను తిప్పే టైమింగ్ చెయిన్ సాగిపోయింది. ఆ రోజుల్లో చప్పుడు తగ్గడానికని క్యామ్ గేర్ పళ్లకు నైలాన్ పూత వేసేవారు. పాతబడితే అది విరిగి ఆయిల్ ప్యాన్‌లో పడి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. కాబట్టి రోడ్డెక్కించే ఆలోచన మానేశాం. పూర్తి ఉక్కు గేర్లున్న చెయిన్ సెట్టు, గాస్కెట్లు వచ్చేశాయి. వాటర్ పంపు ఎలాగూ ఊడదీయాలి కనుక అదీ కొత్తదే వేస్తాం. ఆయిల్ ప్యాన్ దింపి అడుగున ఏం పడిందో చూడటంతో వచ్చే నెల పని మొదలు.