పదకొండు నెలల ప్రభుత్వం, ఒక మినీబస్సు

1989 డిసెంబర్‌లో మా ఇంట్లో రోజూ సాయంత్రం ఒక గొడవ నడిచేది. నాన్న తెలుగుదేశం, మావయ్య కాంగ్రెస్. నవంబర్ ఎన్నికల్లో మావయ్య పార్టీ రాష్ట్రంలో గెలిచింది, ఢిల్లీలో ఓడింది. నాన్న పార్టీ రాష్ట్రంలో చిత్తుగా ఓడిపోయి, లోక్‌సభకు రెండంటే రెండు సీట్లు తెచ్చుకుని కూడా ఢిల్లీ గద్దె మీద వాటా సంపాదించింది, ఎందుకంటే వీపీ సింగ్ ప్రధానిగా గద్దెనెక్కిన నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్ ఎన్టీఆర్, ఉపేంద్ర కేంద్రమంత్రి. ఇద్దరిలో ఎవరు గెలిచినట్టో తేలక ఇద్దరూ సమానంగా కుతకుతలాడుతూ ఉండేవారు.

సరిగ్గా అప్పుడే రేడియో వార్తల్లో చెప్పారు, కొత్త హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కూతుర్ని శ్రీనగర్‌లో మిలిటెంట్లు ఎత్తుకుపోయారని.

"చూశారా బావా, మీ వాళ్లు కుర్చీలో కూర్చుని వారం కాలేదు" అన్నాడు మావయ్య. నాన్నకి కోపం వచ్చి, "నీ కూతురే అయితే ఏం చేస్తావురా?" అన్నాడు. మావయ్య కాసేపు ఊరుకుని, "నా కూతురైతే ఆ గది నుంచి లేచి బయటికి వెళ్లిపోతాను, నిర్ణయం ఇంకొకళ్లని తీసుకోమంటాను" అన్నాడు. నాకప్పుడు పదమూడేళ్లు, ఆ మాటలో ఏముందో అర్థం కాలేదు. తర్వాత ఆ ఏడాది గురించి దొరికిందల్లా చదివాక మావయ్య చెప్పిందాంట్లో సగం నిజమే అనిపించింది. సగం ఎందుకన్నానంటే, ఆయన లేచి వెళ్లినా ఆ గదిలో నిర్ణయం తీసుకోగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఆ రోజు డిసెంబర్ 8. రుబయా సయీద్‌కి ఇరవై మూడేళ్లు, శ్రీనగర్‌లోని లల్ ద్యద్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. డ్యూటీ అయ్యాక నౌగామ్‌లో ఉన్న ఇంటికి వెళ్లడానికి అందరిలాగే మినీబస్సు ఎక్కింది. పక్కన గన్‌మ్యాన్ లేడు, ప్రభుత్వ కారు లేదు. తండ్రి దేశానికి హోంమంత్రి అయి వారం కూడా కాలేదు, కూతురు బస్సులో నిలబడో కూర్చునో ఇంటికి పోతోంది. ఒకరకంగా చూస్తే ఇది మెచ్చుకోవాల్సిన సంగతే. ఇంకోరకంగా చూస్తే, అంతకు కొన్ని రోజుల ముందు జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో బారాముల్లా, అనంతనాగ్‌లలో వందకి దాదాపు అయిదుగురే ఓటు వేయడానికి వచ్చిన ఊళ్ల మధ్య ఇది జరుగుతోంది. అంటే కశ్మీర్ లోయలో పరిస్థితి ఏమిటో ఢిల్లీలో కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కలేదన్నమాట. బస్సులో ముందే ఎక్కి కూర్చున్నవాళ్లు జేకేఎల్‌ఎఫ్, అంటే జమ్మూ కశ్మీర్ లిబరేషన్ ఫ్రంట్ అనే మిలిటెంట్ సంస్థ మనుషులు. ఆ తర్వాత ఒక పత్రికాఫీసుకి ఫోను వచ్చింది, జైల్లో ఉన్న మావాళ్లని వదిలితేనే ఆ అమ్మాయిని వదులుతాం అని.

అప్పటి ప్రభుత్వం ఎలా నిలబడిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. జనతాదళ్‌కి 143 సీట్లు. కాంగ్రెస్‌కి 197 ఉన్నా కూడా ప్రతిపక్షంలో కూర్చుంది. వీపీ సింగ్‌ని ఒక పక్క నుంచి 85 సీట్ల బీజేపీ, ఇంకో పక్క నుంచి వామపక్షాలు బయటే ఉండి మోస్తున్నాయి. ఆ రెండింటికీ ఒకదాని మొహం ఒకటి చూడటం ఇష్టం లేదు, అందుకని ప్రధాని వారానికోసారి వాళ్లని భోజనానికి పిలిచి సర్దుబాటు చేసుకునేవారు. సొంత పార్టీలో చూస్తే ప్రధాని పదవికి దేవీలాల్ పేరు ప్రకటించి, ఆయన లేచి పదవిని వీపీ సింగ్‌కి అప్పగించిన నాటకం చూసి చంద్రశేఖర్ మొదటి రోజు నుంచే మండిపడుతున్నారు. ఇలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తాడు మీద నడుస్తున్నప్పుడు కింద నుంచి ఎవడో తాడు ఊపాడు.

ఇక శ్రీనగర్ సంగతి. అక్కడ ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లా. ముఫ్తీకి, ఫరూక్‌కి ఎన్నాళ్ల నుంచో పడదు, ఇద్దరూ లోయ రాజకీయాల్లో ఎదురెదురు మనుషులు. ముఫ్తీ హోంమంత్రి అయింది కశ్మీర్ నుంచి గెలిచి కాదు, ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ నుంచి గెలిచి. ఆ సమయానికి ఫరూక్ లండన్‌లో ఉన్నారు, హడావుడిగా తిరిగి వచ్చారు. ఖైదీలని వదలొద్దు, ఒకసారి వదిలితే దీనికి అంతూపొంతూ ఉండదు అని ఆయన వాదన. మాట సరైనదే, కానీ చెప్పిన మనిషి 1987 ఎన్నికల్లో రిగ్గింగ్ మచ్చ ఉన్న ముఖ్యమంత్రి. ఆ ఎన్నికల్లో ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ తరఫున ఓడించబడ్డ యూసుఫ్ షా తర్వాత సయ్యద్ సలాహుద్దీన్ పేరుతో హిజ్బుల్ ముజాహిదీన్ అనే మిలిటెంట్ సంస్థ నాయకుడయ్యాడు, ఆయన కోసం తిరిగిన కుర్రాళ్లలో యాసిన్ మాలిక్ ఒకడు. బస్సు ఎక్కిన సంస్థ కూడా మాలిక్‌దే. ఈ లెక్కన ఫరూక్ సలహాని తీసి పక్కన పెట్టడం ఢిల్లీకి ఎంతో తేలికైంది.

అయిదు రోజులు నానా మధ్యవర్తులు తిరిగారు. ఒక పత్రికావిలేఖరి, ఒక డాక్టరు, ఒక జడ్జి, ఒక ఎమ్మెల్యే, ఎవరి దారి వారిది. బేరం ఆడేవాడు ఒక్కడుంటే అవతలివాడికి కూడా కాస్త బెదురు ఉంటుంది. నలుగురు నాలుగు తలుపులు తడితే, ఏ తలుపు దగ్గర ఎక్కువ వస్తుందా అని వాడు చూస్తూ కూర్చుంటాడు. కూరగాయల బజారులో కూడా ఇది తెలిసిన సంగతే కదా. ఆఖరికి డిసెంబర్ 13న కేంద్రమంత్రులు ఐ.కె. గుజ్రాల్, ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ విమానంలో శ్రీనగర్ వెళ్లి ముఖ్యమంత్రిని ఒప్పించారు. ఒప్పుకోకపోతే తన ప్రభుత్వాన్ని రద్దు చేస్తామన్నారని ఫరూక్ తర్వాత చాలాసార్లు చెప్పారు. ఆ రోజు అయిదుగురు మిలిటెంట్లని వదిలారు, కొద్ది గంటల్లో రుబయా క్షేమంగా బయటికొచ్చింది. శ్రీనగర్ వీధుల్లో జనం బయటికొచ్చి కేకలు వేస్తూ పండగ చేసుకున్నారు. మా ఇంట్లో నాన్న ఊపిరి పీల్చుకున్నాడు, మావయ్య పళ్లు నూరాడు.

ఇక్కడే నాకు అందరితో పేచీ. అయిదుగురిని వదలడమే ఆ ప్రభుత్వం బలహీనత అని ఇప్పటికీ రాస్తుంటారు. ఖైదీలని వదిలి మనుషుల్ని తెచ్చుకోవడం అంతకు ముందు జరగలేదా? 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులని పీపుల్స్‌వార్ వాళ్లు పట్టుకుపోయినప్పుడు ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లని వదిలి వాళ్లని తెచ్చుకుంది. అప్పుడు ఎన్టీఆర్‌కి అసెంబ్లీలో తిరుగులేని మెజారిటీ ఉంది. ఆయన్ని ఎవరైనా బలహీనుడన్నారా? మా మావయ్య అన్నాడనుకోండి, అది వేరే సంగతి. మనుషుల ప్రాణాల కోసం వదలడం ఒక నిర్ణయం, వదలకపోవడం ఇంకో నిర్ణయం, దేనికైనా ఒక లెక్క ఉండొచ్చు. అసలు గండం ఆ నిర్ణయం ఎవరిది అని అడిగితే చెయ్యెత్తేవాడు లేకపోవడం.

ఎందుకంటున్నానో చూడండి. నాలుగు నెలల తర్వాత, 1990 ఏప్రిల్ 6న, మళ్లీ అదే శ్రీనగర్‌లో ముగ్గురిని ఎత్తుకుపోయారు. కశ్మీర్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ముషీరుల్ హక్, ఆయన కార్యదర్శి అబ్దుల్ గనీ, అక్కడి హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ ఖేరా. అదే కోరిక, జైల్లో ఉన్న మావాళ్లని వదలండి. ఈసారి ప్రభుత్వం ససేమిరా అంది. నాలుగు రోజుల్లో ముగ్గురూ శవాలై దొరికారు.

హెచ్‌ఎంటీ అన్న మాట వినగానే నాన్న తన చేతికి ఉన్న వాచీ వైపు చూసుకోవడం నాకు బాగా గుర్తుంది. పెళ్లిలో పెట్టిన వాచీ అది, డయల్ పసుపుపచ్చగా మారింది, రోజూ పొద్దున కీ ఇచ్చుకోవాలి. ఆ సాయంత్రం ఇద్దరూ ఏమీ అనుకోలేదు. మావయ్య గెలిచినట్టే లెక్క కదా, ప్రభుత్వం గట్టిగా నిలబడింది. ఆయన కూడా మాట్లాడలేదు.

డిసెంబర్‌కి, ఏప్రిల్‌కి మధ్య ఢిల్లీకి కొత్త విధానం ఏదైనా వచ్చిందా? రాలేదు. మధ్యలో తిట్లు తిన్నారు, అంతే. హోంమంత్రి కూతురైతే వదిలారు అని దేశమంతా అంటుంటే, ఇంకోసారి వదలడానికి మొహం లేదు. హక్‌గారి కుటుంబానికి ఎవరు ఏం చెప్పి ఉంటారో నాకు ఊహకి అందదు. మొదటిసారి ఇచ్చిందీ, రెండోసారి ఇవ్వనిదీ కూడా మిలిటెంట్లని చూసి కాదు, పార్లమెంటులో వెనక బెంచీలని, రేపటి పేపర్లని చూసి. మిలిటెంట్లతో బేరమాడామని ఢిల్లీవాళ్లు అనుకున్నారు గానీ, రెండుసార్లూ వాళ్లు బేరమాడింది ఢిల్లీతోనే.

ఈ రెండింటి మధ్య జరిగిందాంట్లో కూడా ఇదే కనిపిస్తుంది. కశ్మీర్‌కి అప్పటి గవర్నర్ మన తెలుగాయనే, మాజీ సైన్యాధ్యక్షుడు జనరల్ కె.వి. కృష్ణారావు. ఆయన్ని తీసేసి జనవరి 19న జగ్‌మోహన్‌ని పంపారు. బీజేపీకి నచ్చే పేరు. అయితే 1984లో ఇదే జగ్‌మోహన్ గవర్నర్‌గా ఉండి ఫరూక్ ప్రభుత్వాన్ని పడగొట్టారు, కాబట్టి ఆయన వస్తున్నారనగానే ఫరూక్ రాజీనామా చేశారు. అలా ముఖ్యమంత్రి లేడు. ఆ రాత్రి నుంచే లోయలో మసీదు మైకుల నుంచి నినాదాలు, పండిట్ కుటుంబాలు దొరికిన లారీల్లో, టాక్సీల్లో జమ్మూ దారి పట్టడం. రెండు రోజులకి గావ్‌కదల్ వంతెన దగ్గర ఊరేగింపు మీద కాల్పులు. ఎందరు పోయారన్నదానికి ఇప్పటికీ తలో లెక్క. ఒకే వారంలో ఒక జాతి ఇళ్లు వదిలి పోవడం మొదలుపెట్టింది, ఇంకో జాతి శవాలు మోసింది, ఈ రెండింటిలో ఒకదాని గురించే మాట్లాడి రెండోదాన్ని నోట్లోనే మింగేసేవాళ్లంటే నాకు చిరాకు, వాళ్లు ఎటువైపు వాళ్లయినా సరే.

ఫిబ్రవరిలో జగ్‌మోహన్ ఢిల్లీని అడగకుండానే అసెంబ్లీని రద్దు చేశారు. మార్చిలో జార్జ్ ఫెర్నాండెజ్‌ని కశ్మీర్ వ్యవహారాల మంత్రిగా వేశారు, ఆయనేమో కుర్రాళ్లతో మాట్లాడాలి అంటారు. హోంమంత్రి ముఫ్తీ ఎలాగూ ఉన్నారు. ఒక బండికి ముగ్గురు డ్రైవర్లు. మే 21న లోయలో పేరున్న మతపెద్ద మీర్వాయిజ్ మౌల్వీ ఫరూక్‌ని మిలిటెంట్లు చంపారు, ఆయన శవయాత్ర మీద బలగాలు కాల్పులు జరిపాయి, దాంతో కొద్దిరోజుల్లోనే జగ్‌మోహన్‌ని తప్పించి, ఇంటెలిజెన్స్ నుంచి వచ్చిన గిరీశ్ చంద్ర సక్సేనాని పంపారు. బీజేపీకి కోపం రాకుండా జగ్‌మోహన్‌కి రాజ్యసభ సీటు ఇచ్చారు. ఫెర్నాండెజ్ శాఖా పోయింది. అయిదు నెలల్లో ఇన్ని మలుపులు. అవతల తుపాకీ పట్టుకున్న కుర్రాడికి మాత్రం ఒకటే మాట, ఒకటే దారి.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. జూలైలో దేవీలాల్ కొడుకు చౌతాలా గొడవ, ఆగస్టు 1న దేవీలాల్ ఉద్వాసన, ఆగస్టు 7న మండల్ రిజర్వేషన్ల ప్రకటన, సెప్టెంబర్‌లో అద్వానీ రథయాత్ర, అక్టోబర్ 23న సమస్తిపూర్‌లో ఆయన అరెస్టు, బీజేపీ మద్దతు వెనక్కి. నవంబర్ 7న 142 ఓట్లకి ఎదురుగా 346 ఓట్లు పడి ప్రభుత్వం పోయింది. ఆ రోజు మా ఇంట్లో రిజర్వేషన్ల గురించే గొడవ, కశ్మీర్ మాట ఎవరూ ఎత్తలేదు.

మెజారిటీ లేనివాళ్లంతా ఇలాగే చేస్తారా అంటే, నేనలా అనను. 1993 అక్టోబర్‌లో హజ్రత్‌బల్ దర్గాలో మిలిటెంట్లు చేరినప్పుడు ఢిల్లీలో ఉన్నది పీవీ నరసింహారావు మైనారిటీ ప్రభుత్వం, ఆ జూలైలోనే అవిశ్వాసం నుంచి 265–251తో బొటాబొటిగా బయటపడింది. శ్రీనగర్‌లో మళ్లీ గవర్నర్ కృష్ణారావే. సైన్యం దర్గాని చుట్టుముట్టి లోపలికి వెళ్లలేదు. నెలరోజులు పైగా కాచుకుని కూర్చున్నారు, విమర్శలు పడ్డారు, చివరికి లోపలివాళ్లు బయటికొచ్చారు. మధ్యలో బిజ్‌బిహారాలో నిరసనకారుల మీద కాల్పులు జరిగి మనుషులు పోయారు, అది చిన్న సంగతి కాదు. కానీ దర్గా మాత్రం 1984లో సైన్యం లోపలికి వెళ్లిన స్వర్ణదేవాలయంలా కాలేదు. నానుస్తాడు నానుస్తాడు అని పీవీని ఎంత వెక్కిరించినా, ఆ నెలలో నానబెట్టడమే పనికొచ్చింది. ఇది చెబితే కాంగ్రెస్ మావయ్య ఒప్పుకోడు, ఆయనకి పీవీ అంటే బాబ్రీ ఒక్కటే గుర్తు.

రుబయా కేసు విషయానికొస్తే, జమ్మూ కోర్టులో యాసిన్ మాలిక్ మీద అభియోగాలు నమోదు చేసింది 2021 జనవరిలో. 2022 జూలైలో ఆమె కోర్టుకి వచ్చి అతన్ని గుర్తుపట్టింది. అప్పటికి ముఫ్తీ పోయి ఆరేళ్లు, వీపీ సింగ్ పోయి దాదాపు పద్నాలుగేళ్లు, మా నాన్న పోయి మూడేళ్లు. ఆ వార్త చదివి మావయ్యకి ఫోన్ చేశాను. చెవులు సరిగ్గా వినపడవు ఇప్పుడాయనకి, రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఆ అమ్మాయి బాగుందా?" అని అడిగాడు, అంతే.