ఇంజనీరింగ్ సీటు వదులుకొని సంగీతంలో చేరాను: నా అనుభవం

నా టీసీ నిన్న మధ్యాహ్నం నా చేతికి వచ్చింది. ఆ ఒక్క కాగితం కోసం నగర శివారులోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల ఆఫీసులో మా నాన్నగారూ నేనూ పడిన అవస్థ ఇంకా మనసులో మండుతూనే ఉంది. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, సంగీతం చదవాలా సాంకేతిక విద్య చదవాలా అని తేల్చుకోవలసిన స్థితిలో ఉన్న పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ పనికివస్తుందన్న ఉద్దేశంతో, వివరాలు మరిచిపోకముందే రాస్తున్నాను.

నేను హైదరాబాదు రామ్‌కోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు పూర్తయింది. ఆ తరువాత అక్కడ రెండేళ్ల డిప్లొమా ఉంటుంది. ఇంటర్ చదువుతూనే ఈ సాధన సాగించాను. ఇంజనీరింగ్ ప్రవేశానికి పెట్టే ఈఏపీసెట్‌లో నూట అరవై ప్రశ్నల పరీక్ష రాసి, కన్వీనర్ కోటాలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) సీటు రాగల ర్యాంకు తెచ్చుకున్నాను. స్లాట్ బుకింగు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

ఎంచుకోవడం దగ్గరే చాలా కాలం ఆగాను. నాకు రెండూ ఇష్టమే. ఈసీఈ ఎంచుకున్నదే సంగీతం వల్ల. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒక చోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును కంప్యూటరు గీతగా గీసి చూపించినప్పుడు, గురువుగారు కమానుతోనూ వేలితోనూ చూపించేది కళ్లకు కనబడుతుంది. మనిషి చెవి సుమారు ఇరవై వేల హెర్ట్‌జ్ వరకే వింటుంది కనుక, సీడీలో ధ్వనిని దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువగా, సెకనుకు 44,100 సార్లు కొలిచి నిలవచేస్తే సరిపోతుందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం, ఒక కొత్త కృతి పాఠమైనప్పటి ఆనందానికి తీసిపోదు. బార్సిలోనాలోని పాంపే ఫాబ్రా విశ్వవిద్యాలయం నడిపిన కాంప్‌మ్యూజిక్ పరిశోధనలో ఐఐటీ మద్రాసు వారు కూడా పాల్గొని కర్ణాటక సంగీతం మీద పనిచేశారు. సంగీత సమాచార పరిశోధకుల అంతర్జాతీయ సదస్సు ఇస్మిర్ 2022లో బెంగళూరులోనే జరిగింది. కనుక ఈ రెండు విద్యలూ ఒకదానికొకటి పరాయివని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

అయినా రోజంతా తరగతులుండే రెండు డిగ్రీలు ఒకేసారి చదవలేం. అందుకే ఏది నాకోసం ఆగుతుంది, ఏది ఆగదు అన్న ఒక్క ప్రశ్నతో రెంటినీ తూచి చూశాను. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ గానీ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ గానీ ఐఐటీ ఆచార్యులు చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా దొరుకుతాయి. ఇవాళ కాకపోతే మూడేళ్ల తరువాతైనా కూర్చొని నేర్చుకోవచ్చు. కమాను పట్టిన మణికట్టు ఎక్కడ బిగుసుకుంటున్నదో చూసి అప్పటికప్పుడు సరిదిద్దడానికి మాత్రం గురువు ఎదుట కూర్చోవలసిందే. వయొలిన్ మీద స్వరస్థానాలకు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పడాలో చెవి చెప్పాలి, ఆ చెవి రోజూ గంటల తరబడి చేసే సాధనతోనే తయారవుతుంది. మా ఇల్లు విద్యానగర్‌లో ఉంది. శివారు ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లే మా వీధి విద్యార్థులు పొద్దున ఏడు గంటలకు కాలేజీ బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతారు. ఆ మిగిలిన వేళలో రికార్డులు, అసైన్‌మెంట్లు పోగా సాధనకు మిగిలేది ఏమీ ఉండదని వారిని అడిగి తెలుసుకున్నాను.

ఉద్యోగం మాటేమిటని నాన్నగారు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి నేను సేకరించి చెప్పిన సమాధానం ఇతరులకూ ఉపయోగపడుతుంది. ఇంటర్‌లో గణితం చదివినవారు బి.ఏ. చేసినా, కావలసిన మార్కులుంటే, ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి, కంప్యూటరు పీజీ కోర్సు అయిన ఎంసీఏలో చేరవచ్చు. అంటే ఎంపీసీ చదివి సంగీతంలో డిగ్రీ చేసినంత మాత్రాన కంప్యూటరు చదువుకు దారి మూసుకుపోదు. ఇంజనీరింగ్ చదివి, ఇరవై రెండేళ్ల వయసులో బిగుసుకున్న చేతితో వయొలిన్‌ను మళ్లీ మొదలుపెట్టడం అంత సులభం కాదు. ఆకాశవాణిలో ఆడిషన్ ద్వారా వచ్చే గ్రేడులు ఉన్నాయి, గురుకుల పాఠశాలల్లో సంగీత ఉపాధ్యాయుల పోస్టులు ఉన్నాయి. ఇవన్నీ కాగితం మీద రాసి చూపించిన తరువాత నాన్నగారు ఒక షరతు పెట్టారు: సంగీతంలో సీటు ఖాయమయ్యేదాకా ఇంజనీరింగ్ సీటు చేతిలో ఉంచుకోవాలి. షరతు సబబుగానే ఉంది. చిక్కు మాత్రం అక్కడే మొదలైంది.

డిగ్రీ కోర్సులకు, ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ అయిన దోస్త్‌లో రెండు వందల రూపాయలు కట్టి నమోదు చేసుకోవాలి. అక్కడ కూడా వెబ్ ఆప్షన్లు, విడతలు ఉంటాయి. సంగీతం ఒక సబ్జెక్టుగా ఉన్న బి.ఏ. నగరంలో ఏ కొద్ది కళాశాలల్లోనో తప్ప దొరకదు. మొదటి విడతల్లో నేను కోరిన కాంబినేషన్ రాలేదు. ఈలోగా ఇంజనీరింగ్ కళాశాలలో రిపోర్టు చేయవలసిన గడువు వచ్చింది. ఫీజు కట్టి, టీసీ ఇచ్చి చేరాను. ఆ తరువాతి విడతలో ఒక ప్రభుత్వ మహిళా కళాశాలలో సంగీతం సీటు వచ్చింది. అక్కడ చేరాలంటే టీసీ అసలుది కావాలి. రెండు చోట్ల రెండు జిరాక్సులు ఇవ్వవచ్చు గానీ, రెండు టీసీలు ఎవరి దగ్గరా ఉండవు.

ప్రవేశం రద్దు చేసుకుంటాం, టీసీ ఇప్పించండి అని అడగడానికి నాన్నగారితో కలిసి వెళ్లాను. పొద్దుటి క్లాసు నుంచి నేరుగా బయలుదేరడం వల్ల వయొలిన్ పెట్టె నా భుజాన ఉంది. ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారి గది బయట చాలాసేపు నిలబెట్టారు. లోపలికి పిలిచాక కూడా కూర్చోమనలేదు. యాభై దాటిన మా నాన్నగారిని, అదే గదిలో ఖాళీ కుర్చీలు ఉండగానే, నిలబెట్టి మాట్లాడారు. కారణమేమిటని అడిగితే సంగీతంలో చేరుతున్నానని చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా నాన్నగారితో, "ఈసీఈ సీటు వదిలేసి పాటలు నేర్చుకుంటానంటే మీరెట్ల ఒప్పుకున్నరండీ? అమ్మాయిని ఎవరికన్నా చూపించిన్రా?" అన్నారు. గదిలో ఉన్న గుమాస్తాలూ, అడ్మిషన్ల కోసం వచ్చిన మరో కుటుంబమూ నవ్వారు. ఆ తరువాత పెట్టె వైపు వేలు చూపించి, "ఏదీ, ఒక సినిమా పాట వాయించు, మేమూ విని చెప్తం" అన్నారు.

నేను వాయించలేదు. "సార్, నేను టీసీ కోసం వచ్చాను. పాట కోసం మీరు పిలవలేదు" అని మాత్రం అన్నాను. నాన్నగారు నా చేయి పట్టుకున్నారు; ఆయన చేయి వణకడం నాకు తెలిసింది. ముప్పై ఏళ్లు ఒక్క మాట పడకుండా ఉద్యోగం చేసిన మనిషి, నా కోసం ఆ గదిలో మాట పడ్డారు. దానిని నేను క్షమించలేను.

అప్పుడు ఏవో గారు అసలు విషయం చెప్పారు. సీటు మధ్యలో వదిలేస్తే మిగిలిన మూడేళ్ల ఫీజు కట్టాలట. అది కట్టాకనే టీసీ ఇస్తారట. "రూల్ అది" అన్నారు. ఏ రూలో చూపించమంటే, మేనేజ్‌మెంటు రూలన్నారు. దానికితోడు లైబ్రరీ, ల్యాబులు, హాస్టలు, బస్సు, ఇలా ప్రతి విభాగం నుంచీ బాకీ లేదన్న సంతకం తెమ్మన్నారు. నేను ఒక్క పుస్తకం తీసుకోలేదు, హాస్టల్లో చేరలేదు, బస్సు పాసు కట్టలేదు. అయినా ఒక్కో గది ముందు నిలబడి ఒక్కో సంతకం అడుక్కున్నాను. ఒక ల్యాబు ఇన్‌చార్జి సెలవులో ఉన్నారని, ఆయన వచ్చాక రమ్మని పంపేశారు. డిగ్రీ కళాశాలలో చేరవలసిన చివరి తేదీ దగ్గరపడుతోందని వారందరికీ తెలుసు. ఆలస్యం చేస్తే మేమే విసిగి ఊరుకుంటామని వారి లెక్క.

ఆ రాత్రి నిబంధనలు చదివాను. ఈ భాగాన్ని మీరు జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏ కన్సల్టెన్సీ వారూ దీన్ని చెప్పరు. సాంకేతిక కళాశాలలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ తన అప్రూవల్ హ్యాండ్‌బుక్‌లోనే స్పష్టంగా రాసింది: ప్రవేశం రద్దు చేసుకున్న విద్యార్థి నుంచి తరువాతి సంవత్సరాల ఫీజు ఏ దశలోనూ అడగకూడదు, గడువులోపు రద్దు చేసుకుంటే, ప్రాసెసింగ్ రుసుముగా వెయ్యి రూపాయలకు మించకుండా తగ్గించి మిగతాది తిరిగి ఇవ్వాలి, సర్టిఫికెట్లు, డబ్బు ఏడు రోజుల్లో అప్పగించాలి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ కూడా 2018 అక్టోబరులో, ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసి వెంటనే విద్యార్థికి తిరిగి ఇవ్వాలే తప్ప తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పేజీలు ప్రింటు తీసి, సంబంధిత వాక్యాల కింద గీతలు గీసి, ప్రిన్సిపాల్ పేరిట ఒక ఉత్తరం రాశాను. అందులో కోపం లేదు, బతిమాలడం లేదు. నా పేరు, హాల్‌టికెట్ నంబరు, చేరిన తేదీ, రద్దు కోరుతున్న తేదీ, నిబంధన, ఏఐసీటీఈకీ విశ్వవిద్యాలయానికీ ప్రతులు పంపుతున్నానన్న ఒక వాక్యం, అంతే.

ఉత్తరం ఏవో గారికి ఇవ్వలేదు. బయటి నుంచి వచ్చే కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, నా దగ్గరి రెండో ప్రతి మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకున్నాను. మొదట ముద్ర వేయబోమన్నారు, వేసేదాకా కదలనని కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఆ ముద్ర పడిన తరువాత కళాశాల మాటతీరు మారిపోయింది. మూడేళ్ల ఫీజు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సెలవులో ఉన్న ల్యాబు ఇన్‌చార్జి సంతకం లేకుండానే ఫైలు కదిలింది. పద్దెనిమిదేళ్లు నిండని నేను రాసిన ఒక పేజీ ఉత్తరానికి ఆ ఆఫీసు దిగివచ్చిందని చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంది. నిన్న టీసీ ఇచ్చినది కూడా గుమాస్తాయే. ఏవో గారు ఎదుటికి రాలేదు.

కళాశాలల తీరు గురించి కూడా చెప్పాలి. నేను చదివిన కార్పొరేట్ జూనియర్ కళాశాలలోనూ, ఈ ఇంజనీరింగ్ కళాశాల పరిచయ కార్యక్రమంలోనూ ఒకే సలహా విన్నాను: సంగీతాన్ని హాబీగా ఉంచుకో, కాలేజీ ఫెస్టులో వాయించుకో. నిజంగా మేలు కోరి చెప్పినవారు కూడా వారిలో ఉన్నారు. కానీ డెబ్బై రెండు మేళకర్త రాగాల పద్ధతిని, తాళశాస్త్రాన్ని, అప్పటికప్పుడు రాగాన్ని అల్లే మనోధర్మాన్ని ఏటా ఒక సాయంత్రం వేదికకు సరిపెట్టుకోమనడం ఆ విద్యను అవమానించడమే. ఇంజనీరింగ్‌ను హాబీగా చేసుకోమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అది ఎంత కష్టమో నాకు తెలుసు. అంతే కష్టం మా వైపూ ఉందని ఒప్పుకుంటే చాలు. త్యాగరాజు కృతులను నెత్తిన పెట్టుకునే తెలుగువాళ్ల ఇంట్లో పిల్ల సంగీతం చదువుతానంటే వైద్యుడికి చూపించమనడం ఎంత తగని మాటో పెద్దలు ఆలోచించాలి.

నాలాగే రెండు చోట్లా ప్రయత్నించేవారికి కొన్ని మాటలు. ఈఏపీసెట్, దోస్త్ తేదీలను మొదటి రోజే పక్కపక్కన రాసుకోండి. రెండింటి గడువులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతి సర్టిఫికెట్‌కూ అటెస్ట్ చేసిన జిరాక్సులు సిద్ధంగా ఉంచుకోండి. టీసీ ఇవ్వవలసి వస్తే, ఇచ్చినట్టు రసీదు రాయించుకోకుండా ఆ గది దాటకండి. రద్దు సంగతి నోటితో అడగకండి, కాగితం మీద అడగండి. సంగీతం డిగ్రీలో చేరేముందు అక్కడ మీ వాద్యానికి బోధకులు ఉన్నారో లేదో స్వయంగా వెళ్లి కనుక్కోండి. గాత్రం ఉన్న ప్రతి చోటా వయొలిన్, వీణ ఉంటాయనుకోవద్దు. మీకు ల్యాబులో గడపడం, పరికరాలు విప్పి చూడడం ప్రాణమైతే ఇంజనీరింగ్‌లోనే చేరండి, సాయంత్రాలు సంగీతానికి ఉంచుకోండి; నా కారణాలు మీకు వర్తించకపోవచ్చు.

ఇవాళ పొద్దున డిగ్రీ కళాశాలలో టీసీ ఇచ్చి, రసీదు తీసుకొని చేరాను. ఇంజనీరింగ్ కళాశాల నుంచి ఫీజు డబ్బు ఇంకా ఖాతాలో పడలేదు. ఏడు రోజుల గడువు దాటిన మరునాడు ఇవ్వవలసిన రెండో ఉత్తరం రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. దాన్ని కూడా ఇన్‌వర్డ్ కిటికీలోనే ఇస్తాను.