ఆరో వారం

సంక్రాంతి సెలవులకి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో పిన్ని వాళ్లింటికి వెళ్లేసరికి తమ్ముడు వరండాలో ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అదీ ఆపరేషన్ చేసిన కాలితో. మోకాల్లో తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టే లిగమెంట్ ఏసీఎల్. అది కొత్తగా వేసి సరిగ్గా ఆరు వారాలు.

"నొప్పే లేదక్కా. ఉగాదికి కబడ్డీ ఆడేస్తా."

నాకు గుండె దడదడలాడింది. ఆరో వారంలో ఆ మోకాలి లోపల ఏం జరుగుతుందో చూడటమే అమెరికాలో నా ఉద్యోగం.

గన్నవరంలో వెటర్నరీ చదివాను. ఇప్పుడు అమెరికా ల్యాబ్‌లో ఎలుకలకీ కుందేళ్లకీ ఏసీఎల్ తీసేసి, వాటి సొంత టెండన్‌నే, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడునే, ఎముకలో సన్నని సొరంగం తొలిచి దూర్చి కడతాను. ఎలుకకైతే ఆ సొరంగం మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, అంతే. మైక్రోస్కోపు కింద ఊపిరి బిగబట్టి చేయాలి.

తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. పెట్టిన టెండన్‌కి మొదట రక్తం అందదు. లోపలి కణాలు చాలావరకు చచ్చిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు వచ్చి పాత కొలాజెన్ పోగుల్ని తీసేసి కొత్తది అల్లుతాయి. ఈ మార్పు జరిగే రోజుల్లోనే అది పెట్టిననాటి కంటే బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గేదీ అప్పుడే. 1986లో కాలిఫోర్నియాలో డేవిడ్ అమీల్ బృందం కుందేళ్లలో చూస్తే, టెండన్ లిగమెంట్ లక్షణాలు తెచ్చుకోవడానికి 30 వారాలు పట్టింది. 1993లో కుక్కల మీద చేసిన పరిశోధనలో ఎనిమిదో వారం దాకా లాగితే టెండన్ సొరంగంలోంచే ఊడి వచ్చేసింది. 12 వారాలకి గానీ ఎముకని గట్టిగా పట్టుకోలేదు.

వంటింట్లోంచి పిన్ని అంది: "నాటేసిన మడి ఎర్రబడి, వేరు పట్టాకే పచ్చబడుతుందే, అలాగా అమ్మా?" ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

జంతువుల వారాల్ని మనిషికి అలాగే లెక్కేయకూడదు. వాటిలో మానడం మనకంటే తొందరగా ఉంటుంది. పైగా ఎలుకకి విశ్రాంతి తీసుకోమని చెప్పలేం, మత్తు దిగగానే నాలుగు కాళ్ల మీద నడిచేస్తుంది. మనిషి ఆటలోకి దిగాలంటే కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, తొడ కండ బలం రెండో కాలితో దాదాపు సమానం కావాలి.

"వాటికి నొప్పి తెలుస్తుందా అక్కా?" అన్నాడు వాడు.

తెలుస్తుంది. అందుకే నొప్పి మందు ఇస్తాం. ఆదివారమైనా, మంచు పడుతున్నా వెళ్లి ఒక్కొక్కదాన్నీ చూసుకుంటాను, తింటోందా, కాలు మోపుతోందా అని. కానీ చివరికి టెండన్ ఎంత బరువుకి తెగుతుందో కొలవాలంటే ఆ ప్రాణి ఉండకూడదు. ఆ పనీ నా చేతులతోనే. గన్నవరంలో ప్రాణం నిలపడం నేర్చుకున్న చేతులు ఇవి. ఏడేళ్లయినా ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించదు. అవసరానికి మించి జంతువు ఒక్కటి ఎక్కువైనా ఒప్పుకోని ఎథిక్స్ కమిటీ అంటే నాకు గౌరవం.

ఇదంతా వాడికి చెప్పాను. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం మీద పడుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని తొడ బిగించడం మొదలెట్టాడు. పది లెక్కపెట్టమన్నాడు నన్ను.