అక్క తీసుకోని తరుగుదల

మొన్న రాత్రి కరెంటు పోయి మిద్దె మీద పడుకుని ఉంటే టెక్సాస్ నుంచి అక్క ఫోన్ చేసింది. ఇల్లు అమ్మేశారు, బాగానే మిగిలింది, అయినా గొంతులో సంతోషం లేదు. "రేయ్, నేను తీసుకోనే తీసుకోని దానికి పన్ను కట్టమంటున్నారురా" అంది. అనంతపురంలో నలుగురికి రిటర్నులు వేస్తాను కాబట్టి అమెరికా పన్నులు కూడా నాకు వచ్చని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం. రావు. అక్క అడిగింది కదా అని రెండు రాత్రులు కూర్చుని చదివాను.

అక్క ఏడేళ్లు ఆ ఇంట్లో ఒక గదిని పూర్తిగా ఆన్‌లైన్ లెక్కల ట్యూషన్‌కే వాడింది. (బావ కూడా ఇంటి నుంచే పని చేస్తాడు గానీ ఆయనది ఉద్యోగం, గది ఖర్చులు పన్నులో చూపించుకునే మినహాయింపు 2018 నుంచి ఉద్యోగులకు లేదు.) గది ఇంట్లో పదో వంతు, కాబట్టి కరెంటు ఖర్చులోనూ పదో వంతు చూపించుకుంది. గది తరుగుదల, అంటే కట్టడం పాతబడుతుందని దాని విలువలో ఏటా కొంత ఖర్చుగా చూపించుకోవడం, మాత్రం వదిలేసింది, అమ్మేటప్పుడు తిరిగి కట్టాల్సి వస్తుందని ఎవరో భయపెట్టారంట.

అక్కడి చట్టానికి తరుగుదల తీసుకున్నా ఒకటే, హక్కుండి వదిలేసినా ఒకటే, అమ్మేటప్పుడు తీసుకున్నట్టే లెక్క. కట్టడం విలువ 3 లక్షల డాలర్లు, గది వాటా 30 వేలు, దాన్ని 39 ఏళ్లకు పంచితే ఏడాదికి 770 దాకా, ఏడేళ్లకు సుమారు 5,400. ఇల్లు అమ్మిన లాభంలో భార్యాభర్తలకు కలిపి 5 లక్షల డాలర్ల దాకా పన్ను లేదు, అమ్మే ముందు ఐదేళ్లలో రెండేళ్లు అందులో కాపురం ఉండాలి. వీళ్ళకు వచ్చింది లక్షన్నరే. కానీ ఆ 5,400కు మినహాయింపు వర్తించదు, దాని మీద 25 శాతం దాకా పడుతుంది, అంటే మహా అయితే 1,350 డాలర్లు. దీనికా అక్కా ఇంత టెన్షన్ అంటే "డబ్బు గురించి కాదురా, తినని సంగటికి బిల్లు కట్టాల్నా?" అంది.

దానికీ దారి ఉంది. లెక్క పద్ధతి మార్చుకోవడానికి అక్కడ వేసే ఫారం 3115 వేస్తే వదిలేసిన ఏళ్ల తరుగుదలంతా అమ్మిన ఏడాదిలోనే ఒకేసారి ఖర్చుగా చూపించుకోవచ్చు. అసలు మొదటి నుంచీ చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున, 300 అడుగులకు మించకుండా లెక్కగట్టే సులువు పద్ధతి పట్టుకుని ఉంటే తరుగుదల సున్నా, ఈ గొడవే ఉండేది కాదు. ఆ మాట ఇప్పుడు అక్కతో అంటే తిడుతుంది, అనలేదు.

నవ్వుకోకండి, మన దగ్గరా ఇలాంటిదే ఉంది. పద్దులు లేకుండా అమ్మకాల్లో 8 శాతం లాభంగా చూపించి రిటర్న్ వేసే మన కొట్టు వాళ్ళకు కూడా తరుగుదల ఇచ్చేసినట్టే లెక్క. పైగా తరుగుదల తీసుకున్న కట్టడం ఇరవై ఏళ్ల తర్వాత అమ్మినా దాని మీద లాభాన్ని స్వల్పకాలికంగానే చూస్తారు. స్థలానికి తరుగుదల లేదు కాబట్టి దాని లెక్క వేరే.

అక్కకూ అక్కడే చిక్కు, కొన్న ధరలో స్థలమెంత, కట్టడమెంత అని విడగొట్టాలి. నేను వేసిన 3 లక్షలు తను నోటితో చెప్పిన అంకె. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితాలు ఏ పెట్టెలో పెట్టారో బావకు గుర్తు లేదంట, ఇంకా వెతుకుతున్నారు.